గ్లాసెడు తీర్థం

నా చిన్నప్పుడు, ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం గోడలు లేస్తున్న రోజుల్లో, నాచారంలోని మా ఇంట్లో ఒక దేవుడు కొత్తగా కాపురం పెట్టాడు. ఆయన్ని తెచ్చింది మా తాతయ్య అంటే వాడకట్టులో ఎవరూ నమ్మలేదు. ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి ఆయన. దసరా నాడు అందరూ మిషన్లకు పూజ చేస్తుంటే గేటు బయట నిలబడి బీడీ కాల్చిన ఘనుడు.

అసలు సంగతి మా నానమ్మది. నేను పుట్టినప్పుడు బతకనని దవాఖానాలో చెప్పారట. బతికితే కాశీకి వస్తానని ఆమె మొక్కుకుంది. కాశీకి వెళ్లినవాళ్లు తమకు ఇష్టమైనదొకటి అక్కడ వదిలేసి రావాలి. మనవాళ్లు తెలివైనవాళ్లు, జన్మలో ముట్టని కాకరకాయను వదిలి పుణ్యం మూటగట్టుకొస్తారు. నానమ్మకు ఆ తెలివి లేదు. బర్రెలున్న ఇంట్లో పుట్టి, పెరుగు లేనిదే ముద్ద దిగని మనిషి, నా కోసం పాలూ పెరుగూ వదిలేసి వచ్చింది. అప్పటినుంచి నల్ల చాయ్, చారన్నం, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన అడుగూబొడుగూ కూర, అదే ఆమె తిండి. నాకు మాత్రం మీగడ పెరుగు కలిపిపెట్టి, నేను తింటుంటే చూస్తూ కూర్చునేది.

ఒకరోజు నీళ్ల బిందె దించుతూ వాకిట్లో జారి చెయ్యి ఆనించింది. అంతే, మణికట్టు విరిగింది. అంత చిన్న దెబ్బకే విరగడమేమిటని నాన్న అడిగితే, ఎముకలు గుల్లబారాయన్నాడు డాక్టరు. మందులు రాసి, తిండి కూడా మారాలన్నాడు. పాలు, పెరుగు, రాగిజావ, నువ్వులు, ఆకుకూరలు, పొద్దుటి ఎండ కావాలన్నాడు. ఈ బలం వయసులోనే పడాల్సింది, ఇప్పుడు ఉన్నది పోకుండా చూసుకోవాలని కూడా అన్నాడు. నానమ్మ రాగిజావకు ఒప్పుకుంది, నువ్వుండలకూ ఒప్పుకుంది. పాలు, పెరుగు మాటెత్తితే మాత్రం పెదవులు బిగించింది. ఒట్టు తప్పితే నాకేమైనా అవుతుందని ఆమె భయం. అమ్మ బతిమాలింది, నాన్న కోప్పడ్డాడు. నేను తలుపు వెనక కూర్చుని ఏడ్చాను. నన్ను బతికించుకున్నందుకే నానమ్మ విరిగిపోతోందని నాకు అర్థమైంది.

ఆ వారమే తాతయ్య, శివుడి గుడి ఉన్న కీసరగుట్టకు బస్సెక్కాడు. సాయంత్రానికి, గుట్ట కింద దుకాణంలో కొన్న పిడికిలంత శివలింగంతో దిగాడు. తెల్లారి స్నానం చేసి, దాన్ని ఇత్తడి పళ్లెంలో పెట్టి, మంత్రమేదీ రాక "శివా, శివా" అంటూ పాలు పోశాడు. ఆ పాలన్నీ గ్లాసులోకి వంచి నానమ్మ ముందు పెట్టాడు.

"ఇవి పాలు గావు, తీర్థం. దేవుడిచ్చింది వద్దనొద్దు."

నానమ్మ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. తీర్థం ఉద్ధరిణెడు ఇస్తారు గానీ గ్లాసెడు ఇవ్వరని ఆమెకు తెలియదా? అయినా కళ్లకద్దుకుని తాగేసింది. మధ్యాహ్నం పెరుగుతో మరో అభిషేకం. పాపం, మా ఇంటి శివుడికి రెండు పూటలా స్నానమే. వాడకట్టులో నవ్వారు, తాతయ్య పట్టించుకోలేదు. పొద్దుటి పూజ అవగానే ఆమెను ఎండలో కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు.

కట్టు విప్పారు, చెయ్యి అతుక్కుంది. గట్టెక్కామనే అనుకున్నాం. కానీ ఏళ్ల తరబడి కరిగిపోయిన బలం కొన్ని నెలల పాలతో తిరిగి రాలేదు. ఆ వానాకాలం నానమ్మ మంచం దిగుతూ పడింది. ఈసారి తుంటి విరిగింది. ఆపరేషన్ చేసినా లేవలేకపోయింది, మంచంలోనే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచి, మెల్లగా చెప్పింది.

"మీ తాత దేవున్ని నమ్మడని నాకు తెల్వదా బిడ్డా? ఆయన దేవుని పేరు జెప్పి పోసిండు, నేను ఆయన ముఖం జూసి తాగిన. ఒట్టు తప్పిన పాపం ఉంటే నాకే తగలాలని రోజూ దండం పెట్టుకున్న. నీకేం గాదు, ఫికర్ జెయ్యకు."

ఆ వారం దాటలేదు.

దినాలు అయిన మర్నాడు, తాతయ్య అలవాటు కొద్దీ లింగం మీద పాలు పోశాడు. గ్లాసు పట్టుకుని వెనక్కి తిరిగి, ఇవ్వడానికి మనిషి లేక అలాగే నిలబడిపోయాడు. ఏడవడం తెలియని మనిషి అలా నిలబడితే నేను చూడలేకపోయాను. కాసేపటికి వంటింట్లోకి వెళ్లి, అందరికీ పెట్టి తాను ఇంకా ఏమీ తినని మా అమ్మ చేతిలో ఆ గ్లాసు పెట్టాడు.

"నువ్వు తాగు బిడ్డా. ఆమెకు పోసేవరకు ఆలస్యమైంది. నీకు గట్ల గావద్దు."

అమ్మ కళ్ల నీళ్లు తుడుచుకుంటూ తాగింది. తాతయ్య ఉన్నన్నాళ్లూ ఆమెకు ఆ తీర్థం తప్పలేదు.

ఇప్పుడా లింగం నా దగ్గరుంది. నాకూ మంత్రాలు రావు. పొద్దున్నే పాలు పోసి, మొదటి గ్లాసు అమ్మకిచ్చి, తాగేదాకా పక్కనే నిలబడతాను. రెండోది నేను తాగుతాను, ఈ బలం వయసులోనే పడాలన్నాడు కదా డాక్టరు. పెరుగన్నం దగ్గరే ఇప్పటికీ కష్టం. కలుపుకున్నాక మొదటి ముద్ద చేతిలోనే కాసేపు ఆగిపోతుంది. ఎదురుగా ఎవరో కూర్చుని, నేను తినేదాకా చూస్తున్నట్టే ఉంటుంది.