మోతెలో నేను ఒలిచిన గుడ్డు

మొన్న మధ్యాహ్నం కోదాడ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. పొదిగే మిషన్‌లో పెట్టిన పెద్దబాతు గుడ్లలో ఒక్కటే మిగిలిందట. అదీ ముందురోజు పొద్దున ముక్కుతో పెంకుకు చిల్లు పెట్టి, ఇంకా బయటికి రావడం లేదట. "అన్నయ్యా, లోపల కీచుకీచుమంటోంది, పెంకు తీసేయమంటావా? పశువుల దవాఖానలో చేసినోడివి కదా!" అంది. కాసేపాగి చెబుతానని పాత డైరీల కట్ట విప్పాను.

ఆ డైరీలు రాసిన రోజుల్లో పెన్‌పహాడ్ పశువుల దవాఖానలో కాంపౌండరుగా కొత్తగా చేరాను. సెలవు దొరికితే మోతెలో మా మేనత్త ఇంటికి వెళ్ళేవాణ్ణి. తల్లి పెద్దబాతును కుక్కలు పట్టుకుపోతే, అత్త దాని మూడు గుడ్లను నాటుకోడి కింద పొదగవేసింది. అంత పెద్ద గుడ్లు కోడి కాళ్ళకు కదలవు కనుక, పూటకోసారి తానే తిప్పుతూ, గోరువెచ్చటి నీళ్ళు చిలకరిస్తూ నెల్లాళ్ళు కనిపెట్టుకుని ఉంది. నేను వెళ్ళిన నాడే ఒక గుడ్డుకు చిల్లు పడింది. మాది గొర్రెలు కాసిన ఇల్లు. ఈనలేని గొర్రెకు చెయ్యి పెట్టి పిల్లను లాగడం చిన్ననాడే నాయన దగ్గర నేర్చాను. ఆలస్యమైతే తల్లీ పిల్లా రెండూ పోతాయన్న భయం ఒంట్లో ఇంకిపోయింది. అత్త పొలానికి పోయిన వేళ చూసి పెంకు గోటితో ఒలిచాను. లోపలి పొరలో ఇంకా నెత్తురు పారుతున్నదని అది వేళ్ళకు అంటిన తర్వాతే తెలిసింది. పిల్ల నా అరచేతిలోనే చల్లబడింది.

అత్త కొట్టలేదు. "గొర్రె అలసిపోతదిరా, అందుకు చెయ్యి పెడ్తం. ఇది లోపల ఇంక తయారైతాంది. జర ఆగరాదు? పెద్ద డాక్టరు మొకం!" అంది. మిగతా రెండింటికీ చిల్లు పడ్డప్పుడు నా చెయ్యి పట్టుకుని కోడి పొదిగే గంప ముందర కూర్చోబెట్టింది. ఒకటి మర్నాడు దానంతటదే వచ్చింది. ఇంకొకటి, మేము ఆగి ఆగి చూస్తుండగానే, లోపలే పోయింది. దానికి సాయం చేయవలసిందేమో అని అడిగితే, అత్త "ఏమో బిడ్డా" అంది.

చెల్లెలికి ఫోన్ చేసి, టార్చి వేసి పొరలో ఎర్రటి నరాలున్నాయేమో చూడమన్నాను. ఉన్నాయంది. అయితే ముట్టుకోవద్దని, మిషన్‌లో తేమ ఆరనీయవద్దని చెప్పాను.

తెల్లవారి పిల్ల వచ్చిందని, నా మాట వల్లే బతికిందని చెల్లెలు మురిసిపోయింది. ఆగమన్నప్పుడు నాకెంత బెరుకుగా ఉందో ఆమెకు చెప్పలేదు. మా చిన్నతనంలో పెద్దవాళ్ళకు అన్నీ తెలుసనుకునేవాళ్ళం. తెలియని చోట వాళ్ళు కనీసం మన పక్కన కూర్చునేవారు. నేను ఇక్కడ మిర్యాలగూడలో మా ఇంట్లో కుర్చీలో కూర్చుని ఫోన్లో చెప్పాను. అక్కడ ఆ గుడ్డు ముందర చెల్లెలు ఒక్కతే కూర్చుంది.