నిప్పుల కొండ బస్సులో నా సీటు

బాలి ఎలా ఉందని అడిగిన వాళ్లకు నా జవాబు నచ్చదు. మళ్లీ పొమ్మన్నా పోనని చెప్తాను. సముద్రం, గుళ్లు, కోతులు, పచ్చటి పొలాలు అన్నీ ఉన్న దీవి కదా, విమానమెక్కి పోయొచ్చిన మనిషి ఇలా అనొచ్చా అని మొహం ముడుచుకుంటారు. వాళ్లు ఫోన్లో చూసిన దీవి వేరు. నేను ఎక్కువగా చూసింది ఒక వంటగది వెనక గోడ. దాని మీద ఒక బల్లి ఉండేది. మన బల్లుల కంటే లావు, గొంతు పెద్దది. అదొక్కటే ఆ దీవిలో నన్ను ఏమీ అడగలేదు.

నాచారంలో ఒక కర్రీ పాయింట్‌లో నేను వంట చేస్తాను. ఫ్యాక్టరీల షిఫ్టు దిగినవాళ్లు, ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు సాయంత్రం కూరలు కట్టించుకుపోతారు. అడిగితే అన్నం కూడా కడతాం. ఇంతకుముందు పీర్జాదిగూడలో అపార్టుమెంట్లకు పునాదులు తవ్వే పనికి పోయేదాన్ని. చిన్నప్పుడు బడికి ఎవరూ పంపలేదు. యాభై దాటాక మా వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ మధ్యాహ్నాలు తన వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. కూడబలుక్కుని చదవడం వచ్చాక మనవరాలి పాత బడిపుస్తకం చేతికిచ్చింది.

అందులో నిప్పుల కొండ గురించి ఒక పాఠం ఉంది. భూమి అడుగున రాళ్లు కరిగేంత వేడి ఉంటుందని, కొన్నిచోట్ల ఆ నిప్పు కొండను పగలగొట్టుకుని బయటికి వస్తుందని రాశారు. నేను పుస్తకం మూసేశాను.

"టీచరమ్మా, ఇది అబద్ధం. నేను పునాదులు తవ్విన. బోర్లు ఏస్తుంటె పక్కన నిలవడ్డ. మట్టి ఎల్తది, రాయి ఎల్తది, నసీబుంటె నీళ్లు ఎల్తయి. నిప్పు ఏడ ఎల్లలే."

"నువ్వు తవ్వింది ఎంత లోతు? భూమికి అది గోటితో గీకినట్టు."

"మీరు తవ్విన్రా?"

"లేదు."

"సూసిన్రా?"

"చూళ్లేదు. పుస్తకంలో ఉంది కదా!"

"పుస్తకంల ఉంటె అయిపాయెనా?"

ఆమెకు కోపమొచ్చింది. "అయితే పుస్తకం మొత్తం అబద్ధమే అనుకో. రేపట్నుంచి రాకు" అంది.

మర్నాడు వెళ్లాను, ఆమె పాఠం చెప్పింది కూడా. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. పొద్దంతా పొయ్యి దగ్గర నిలబడి, కాళ్లు లాగుతున్నా వరండాలో కూర్చుని, "ముసల్దానికి బడి" అని వీధి వీధంతా నవ్వుతుంటే నేర్చుకున్న చదువు అది. అబద్ధాలు చదవడానికేనా అంత కష్టపడ్డది? నిప్పుల కొండను నా కళ్లతో చూడాలనుకున్నాను. నిప్పు ఉంటే చదువుతాను. లేకపోతే పుస్తకం ఆమె గడపలో పెట్టి వచ్చేస్తాను.

ఉప్పల్‌లో ఒకతను టూర్లు నడుపుతాడు. ఉద్యోగాలు దిగిపోయిన మొగుడూ పెళ్లాలను పోగుచేసి విదేశాలు తిప్పుతాడు. వెంట ఒక వంటమనిషిని తీసుకెళ్తాడు, ఎందుకంటే మనవాళ్లకు ఏ దేశం పోయినా పప్పు, చారు, పెరుగన్నం కావాలి. అవి లేకపోతే సముద్రం కూడా సప్పగా ఉందంటారు. అతను మా దగ్గర కూరలు కొనేవాడు. ఒకరోజు కౌంటర్ మీదికి వంగి, "అక్కా, మా వంటాయన చెయ్యిచ్చిండు. బాలికి రారాదు? విమానం ఎక్కిస్త" అన్నాడు.

"ఆడ నిప్పుల కొండ ఉన్నదా?"

"ఎందుకు లేదు? నాలుగో రోజు ప్రోగ్రామే గది."

"నన్ను గా కొండ కాడికి తోలుకపోవాలె. బస్సుల సీటు ఇయ్యాలె."

"నువ్వు అడుగుడు, నేను కాదనుడా?"

"గట్ల గాదు. అన్నం మీద ఒట్టెయ్."

అప్పుడే వార్చిన అన్నం గిన్నె నా పక్కన పొగలు కక్కుతోంది. అతను నవ్వుతూ గిన్నె మీద అరచెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. చుర్రుమనేసరికి చెయ్యి వెనక్కి లాక్కుని ఊదుకున్నాడు. మాలో అన్నం మీద ఒట్టు అంటే తేలిక మాట కాదు. తప్పినవాడికి తిన్నది ఒంటబట్టదంటారు.

బాలిలో లాడ్జి వెనక ఒక వంటగది ఇచ్చారు. పొద్దున ఉప్మానో ఇడ్లీనో, మధ్యాహ్నానికి డబ్బాల్లో పులిహోర, పెరుగన్నం, రాత్రికి పప్పు, చారు, కూరలు. బృందం బస్సెక్కి పోయేది. నేను గిన్నెలు తోముతూ బల్లిని చూసేదాన్ని.

బృందంలో ఒకావిడ కోస్తా నుంచి వచ్చి ఉప్పల్‌లో ఇల్లు కట్టుకుంది. బ్యాంకులో పనిచేసి దిగిపోయింది. నేను గిన్నె మూత తీయగానే ఆమె ముక్కు పైకి పోయేది.

"ఇదేం పప్పండీ? చింతపండు ఎక్కడా కనపడదే!"

"ఉన్నదమ్మా. నాలికకు తెలుస్తది, కంటికి కనవడది."

"పులుపంతా మీ నోట్లోనే పెట్టుకున్నట్టున్నారు" అనేది. అంటూనే ఇంకో గరిటె వడ్డించుకునేది.

రెండుసార్లు డబ్బాలు మోయడానికి నన్నూ బస్సులో ఎక్కించుకున్నారు. ఒకసారి కోతుల అడవికి. కోతులు కళ్లజోళ్లు లాక్కుంటే జనం కేకలు పెట్టి సంతోషించారు. మా కీసర గుట్ట మీద కోతులు ఆ పని టికెట్టు లేకుండా చేస్తాయి. ఇంకోసారి మెట్లు మెట్లుగా ఉన్న వరిపొలాలకు. అక్కడ పొడుగు తోకల గౌన్లు అద్దెకిచ్చి, ఆడవాళ్లను ఊయల ఎక్కించి, పొలం మీదికి తోసి ఫొటో తీస్తారు. కింద బురదలో ఒక ముసలామె వంగి కలుపు తీస్తోంది. ఫొటోలో ఆమె పడకుండా పక్కకు జరగమని ఎవరో చేత్తో సైగ చేశారు. ఆమె జరిగింది. నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు నేనూ అలా వంగి నాట్లు వేశాను. అప్పుడు గట్టు మీద ఎవరూ ఊయల కట్టలేదు, అదే నయం.

అక్కడి ఆడవాళ్లు రోజూ పొద్దున్నే ఆకుతో అల్లిన చిన్న దొప్పలో నాలుగు మెతుకులు, పూలు పెట్టి, అగరుబత్తి గుచ్చి, గుమ్మం ముందు ఉంచుతారు. మన వాళ్లు ముందు దానికి ఫొటో తీసేవారు, తర్వాత చూసుకోకుండా తొక్కేవారు. చెప్పులకు అంటిన అన్నం మెతుకులతోనే బస్సెక్కేవారు.

మూడో రోజు రాత్రి వడ్డన అయ్యాక టూరతను వంటగదికి వచ్చాడు.

"అక్కా, రేపు నీకు సీటు లేదు. గైడుకు ఇచ్చిన. రాత్రికి స్పెషల్ డిన్నరు పెట్టిన. గుత్తొంకాయ, పూరీలు, పరమాన్నం. పొద్దుగాలనే మొదలువెడితేగాని కాదు."

"ఒట్టేసినవ్."

"అరె, గది నవ్వులాటకు. ఆడ ఏమున్నది? వట్టి పొగమంచు. ఫొటో తెస్త తియ్యి."

"ఫొటో మా పుస్తకంల ఉన్నది."

"జర సమజ్ చేసుకో అక్కా. నువ్వు వండనీకి వచ్చినవ్, సూడనీకి రాలే."

మిగిలిన గిన్నెలన్నీ తోమి బోర్లించాను.

తెల్లారి ఉప్మా చేసి బల్ల మీద పెట్టాను. పెద్ద గిన్నెలో బియ్యం కడిగి, ఎసరుకు సరిపడా నీళ్లు పోసి, మూత పెట్టాను. పొయ్యి ముట్టించలేదు. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని, అందరికంటే ముందు బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను.

జనం ఎక్కారు. టూరతను చివర వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

"డబ్బాలేవి?"

"కట్టలే."

"అన్నం?"

"బియ్యమే ఉన్నయి, నీళ్లల్ల. నువ్వు ఒట్టేసిన అన్నం నువ్వే వండుకో."

ఒక్కసారిగా గోల మొదలైంది. "నాకు షుగరుందయ్యా, టైముకు తినకపోతే పడిపోతా" అని ఒకాయన లేచాడు. "ముందు ఆమెను దింపండి" అన్నారు ఇంకెవరో. "వంటమనిషికి ఇంత పొగరా!" అని వెనక సీట్ల నుంచి ఒక గొంతు వచ్చింది. నేను డ్రైవరు సీటు వెనక కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. దింపాలంటే కమ్మీతో సహా దింపాలి.

బ్యాంకు ఆవిడ అందరినీ ఊరుకోమని, "ఒట్టేమిటి?" అని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె అతని వైపు తిరిగింది.

"అన్నం మీదా?"

"మాటవరసకు, మేడం..."

"చెయ్యి పెట్టి వేశారా, పెట్టకుండానా?"

అతను ఆ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

"చెయ్యి కాలింది గూడ" అన్నాను నేను.

"అయితే ఈవిడను దింపితే ఇవాళ్టి నుంచి ఆ వంట నేను ముట్టను. ఒట్టు తప్పిన అన్నం మా చేత తినిపిస్తారా? మీ పాపం మాకెందుకండీ?" అంది. తర్వాత నాకేసి చూసి, "మీరేం తక్కువ తినలేదు. రాత్రికి పప్పులో చింతపండు వెయ్యండి" అంది.

పాపం అనేసరికి షుగరాయన కూడా కూర్చున్నాడు. గైడుకు ఇంకో సీటు చూపించి, టూరతను నిన్నటి నుంచి బస్సులోనే ఉండిపోయిన ఖాళీ అన్నం డబ్బా మీద కూర్చున్నాడు. దారి పొడుగునా మలుపు వచ్చినప్పుడల్లా డబ్బాతో సహా జారి నా వైపు చూశాడు. నేను రోడ్డు చూశాను.

పైన గట్టు వెంట అన్నీ హోటళ్లే. ఎదురుగా కొండ, సగం మంచులో ఉంది. ఒక పక్క మాడిన మూకుడు అడుగులా నల్లగా ఉంది. మనవాళ్లు దానికి వీపు పెట్టి నిలబడి ఫొటోలు తీసుకున్నారు. తర్వాత బస్సు కిందికి, నల్లరాళ్లు పరుచుకున్న చోటికి దిగింది. అప్పుడెప్పుడో కొండ కక్కిన రాళ్లే అవి అని గైడు చెప్పాడు. నేను దిగి ఒక రాయి మీద అరచెయ్యి పెట్టాను.

చల్లగా ఉంది. కడిగి బోర్లించిన రోలులా ఉంది.

ఇంకో రాయి చూశాను. అదీ చల్లనే.

"ఏది తల్లీ నీ నిప్పు?" అని షుగరాయన నవ్వాడు. కొట్లో కొన్న బన్ను, అరటిపండు అతని చేతిలో ఉన్నాయి. టూరతను అందుకున్నాడు: "దీనికోసమా అక్కా, అందర్ని పస్తులుంచినవ్?"

వాళ్ల నవ్వులకు నేను బాధపడలేదు. పుస్తకం గురించి భయం వేసింది. నాకు నేనే మాట ఇచ్చుకున్నాను కాబట్టి దాన్ని తిరిగి ఇచ్చేయాలి. రోజూ మధ్యాహ్నం ఆ వరండాలో కూర్చుని, వేలు కింద మాట మాటా పట్టుకుంటూ పోవడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది. అది లేని మధ్యాహ్నం ఎలా ఉంటుందో అక్కడ, ఆ రాళ్ల మధ్య నిలబడి మొదటిసారి ఆలోచించాను.

తర్వాత చెరువు ఒడ్డుకు తీసుకెళ్లారు. అక్కడ రాతి తొట్లలో వేడినీళ్లు. పరాయి దేశాల వాళ్లు మెడదాకా మునిగి, కళ్లు మూసుకుని ఉన్నారు. కొండ అడుగు వేడికే ఈ నీళ్లు కాగుతాయన్నాడు గైడు. నేను నమ్మలేదు. నా బతుకులో ఎక్కడ వేడినీళ్లు చూసినా దాని వెనక ఒక పొయ్యి ఉంది, పొయ్యి ముందు ఒక ఆడమనిషి ఉంది. వెనక్కి వెళ్లి వెతికాను. ఊడుస్తున్న ఒకతను నేను మరుగుదొడ్డి కోసం తిరుగుతున్నాననుకుని అటు చూపించాడు. తల ఊపి ముందుకు పోయాను. కట్టెలు లేవు. సిలిండర్ లేదు. గోడకు మసి లేదు. చివర నల్లరాయి పగులులోంచి నీళ్లు కారి తొట్టి వైపు పోతున్నాయి. అక్కడ కూర్చుని పగులులో చెయ్యి పెట్టాను.

పాలు కాచి దించి, తోడు వేసే ముందు వేలు పెట్టి చూస్తామే, ఆ వేడి. ఒక పిసరు ఎక్కువ. ఎవరూ ముట్టించలేదు, ఎవరూ ఊదడం లేదు, అయినా తగ్గడం లేదు. వేళ్లు నానిపోయి ముడతలు పడేదాకా తీయలేదు.

షాపింగ్‌కు ఆలస్యమవుతోందని టూరతను అరుస్తూ వచ్చాడు. "దొరికిందా నిప్పు?"

"దొరికింది."

"ఏది, నన్ను జూడనియ్యి."

"నీకెందుకు? నీ చెయ్యి నా అన్నం గిన్నె మీద ముందుగాలనే కాలింది గద."

రాత్రికి వంట చేశాను. అతని ఒట్టు చెల్లింది, వాళ్లు తినాలి. పప్పు తిని బ్యాంకు ఆవిడ, "ఇప్పుడు చింతపండు ఎక్కువైంది" అంది. ఆమె ఆ మాత్రం అనకపోతే నాకూ తోచదు.

నాచారం వచ్చిన మర్నాడే టీచరమ్మకు జరిగిందంతా చెప్పాను.

"ఇప్పుడైనా పుస్తకాన్ని నమ్ముతావా?"

"గీ పాఠం నమ్మిన."

ఆమె పళ్లు కొరికి, పేజీ తిప్పి, నా ముందుకు తోసింది. భూమి బొంగరంలా తిరుగుతుందని ఉంది అందులో. నేను తలెత్తి ఆమెను చూశాను. "నోరు మూసుకుని చదువు" అంది. చదివాను.

టూరతను ఇప్పటికీ మా కౌంటర్‌కు వస్తాడు. ఇంకో దీవి ఉందట, అక్కడ కొండ నిజంగానే నిప్పులు కక్కుతుందట, రమ్మంటాడు. కూరలు కట్టి ఇస్తాను. అన్నం అడిగితే మాత్రం లేదంటాను. గిన్నె అతని కళ్ల ముందే పొగలు కక్కుతుంటుంది.