రాచపూడి ఎస్టేట్ వారి గొర్రె జబ్బలు

మా తాతగారికి ఎస్టేట్ పోగొట్టుకోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. మిగిలిన పరువును నేను ఒక్క గంటలో పోగొట్టాను. అదీ పట్టపగలు, సిడ్నీలో ఒక క్రికెట్ మైదానంలో, చేతిలో పటకారు పట్టుకుని. ఎలాగో చెబుతాను. నవ్వడానికి మీకు అనుమతి ఉంది. జాలిపడకండి, మా వంశానికి అది పడదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మూర్ఛపోతాయని లోకం వణుకుతున్న రోజులవి. ఆ మూర్ఛకు ముందుగానే మందు వేయడానికి దిగుమతి అయినవాళ్ళలో నేనూ, హైదరాబాద్ సలీమూ ఉన్నాం. హారిస్ పార్క్ అనే పేటలో ఒకే ఇంట్లో కాపురం. పగలంతా ఇద్దరం రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేసేవాళ్ళం. సాయంత్రం సలీం వండేవాడు, నేను బాగుందనో లేదనో సెలవిచ్చేవాణ్ణి. మా ఇంటి మగవాళ్ళకు వంటతో ఉన్న సంబంధం అంతవరకే.

జనవరి దాటితే మా ఉద్యోగాలు ఉంటాయో లేదో తెలీదు. సలీం కబాబుల దుకాణం మీద మనసు పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే మా పేట క్రికెట్ క్లబ్బువాళ్ళు బార్బెక్యూ పోటీ, అంటే బొగ్గుల మీద మాంసం కాల్చే పోటీ, ప్రకటించారు. గెలిచిన జట్టుకు ఆ వేసవంతా మైదానంలో తిండి దుకాణం నడుపుకునే హక్కు.

“రాజాసాబ్, ఇది గెలిస్తే నా లైఫ్ సెట్,” అన్నాడు సలీం. నన్ను అలాగే పిలిచేవాడు. వెక్కిరింతో గౌరవమో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

“జట్టుకు పేరు నేను పెడతాను,” అన్నాను.

“పెట్టుకోండి. పొయ్యి దిక్కు మాత్రం రాకండి.”

‘రాచపూడి ఎస్టేట్’ అని రాసిచ్చాను. క్లబ్బు కార్యదర్శి కెవిన్ ఆ కాగితం చూసి, “ఎస్టేట్ అంటే ద్రాక్షతోటా? వైన్ చేస్తారా?” అన్నాడు.

“కాదు. ముప్పై రెండు ఊళ్ళు.”

“అబ్బో! ఇప్పుడెక్కడున్నాయి?”

“అక్కడే ఉన్నాయి. మా దగ్గర లేవు, అంతే.”

పోటీ రోజున చూశాను వాళ్ళ బార్బెక్యూ వెర్రి. పదహారు జట్లు. తలుపుల్లాంటి భుజాలున్న మగాళ్ళు మాంసంలో థర్మామీటరు గుచ్చి, జ్వరమొచ్చిన పసిబిడ్డ పక్కన తల్లుల్లా కూర్చున్నారు. మూత తీస్తే వేడి పోతుంది, తీయకపోతే ప్రాణం పోతుంది. లోపలేం జరుగుతోందో చూడకుండా ఆరేడు గంటలు నమ్మి కూర్చోవడమే ఈ ఆటలో కష్టం. దాని మోజూ అదే. ఆ పొగ వాసన పీలిస్తే సన్యాసి కూడా కంచం అడుగుతాడు.

సలీం ఉదయం ఆరింటికే నిలువునా కోసిన నూనె పీపాలో బొగ్గు రాజేశాడు. పెరుగూ, బొప్పాయి ముద్దా, తనకే తెలిసిన మసాలా పట్టించిన రెండు గొర్రె జబ్బలను దాని మీద పెట్టి మూతేశాడు. ఒంటిగంటకు వాటిని తీసి, కాగితంలో చుట్టి, పైన తువ్వాలు కప్పాడు.

“ఇప్పుడిది గంటసేపు రెస్ట్ తీసుకోవాలె. నేను నమాజ్ చేసుకొస్త. రెండింటికి జడ్జీలొస్తరు. ఆరుగురికి ఆరు ముక్కలు. ముట్టొద్దు.”

మా ఇంట్లో భోంచేసినవాళ్ళం విశ్రాంతి తీసుకునేవాళ్ళం గానీ, మాంసం తీసుకోవడం నేనెక్కడా వినలేదు. అయినా తలూపాను.

సలీం అటు వెళ్ళాడో లేదో పక్క జట్టతను వచ్చాడు. “వాసన అదిరింది, మేట్!”

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా ఇంటి వంట బాగుందన్న మనిషిని తినిపించకుండా పంపితే మా తాతగారు ఆ పూట అన్నం ముట్టేవారు కాదు. తువ్వాలు తొలగించాను. “కొంచెం రుచి చూస్తారా?”

మా వైపు పద్ధతి మీకు తెలుసు. మొదటిసారి వద్దనాలి, రెండోసారి మొహమాటపడాలి, మూడోసారి తినాలి. ఈ మహానుభావుడు మొదటిసారికే ప్లేటు చాపాడు. తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, “డేవ్! ఇటు రా!” అని కేకేశాడు.

డేవ్ వచ్చాడు. డేవ్ భార్య వచ్చింది. ఆవిడ అక్కచెల్లెళ్ళు ముగ్గురు. “ఇంకొంచెం వేసుకోండి,” అంటే కాదన్నవాడు లేడు. ఎదురుగా జనం వరస కట్టారు. నా వెన్ను దానంతటదే నిటారైంది. నలభై ఏళ్ళ తర్వాత రాచపూడి ఎస్టేట్‌లో మళ్ళీ పంక్తి భోజనాలు!

మొదటి జబ్బ అయిపోయింది. రెండోది ఉందిగా అనుకున్నాను. దాన్ని కెవిన్ కోసం విప్పాను. కార్యదర్శి హోదాకు అది మర్యాద. అతను మూడు ప్లేట్లు తిన్నాడు. ఆరు ముక్కలు మిగిలాక చేతులు కట్టుకుని నిలబడ్డాను. అప్పుడు ఒక ముసలమ్మ వచ్చి, “నాకు లేదా, బాబూ?” అన్నట్టు చూసింది. వెనకాల ఆవిడ చర్చి స్నేహితురాళ్ళు ఐదుగురు.

మీరైతే ఏం చేసేవారు?

సలీం నమాజ్ ముగించి, ఉల్లిపాయలు తరుక్కుని, నిమ్మచెక్కలతో వచ్చాడు. తువ్వాలెత్తాడు. కాగితం విప్పి చూశాడు.

“మాంసమేది?”

“అతిథులు వచ్చారు.”

“ఎవరు పిలిచిన్రు?”

“పొగిడారు సలీం!”

అప్పటిదాకా ‘మీరు’ అన్నవాడు అక్కడ దిగిపోయాడు. “నువ్వన్న తిన్నవా కనీసం?”

“ఛ! అతిథులు తినకుండా నేనెలా తింటాను?”

అప్పుడే జడ్జీలొచ్చారు. ముక్కలు పెట్టాల్సిన డబ్బాలో మిగిలినవే సర్దేశాడు సలీం. ముందు నడుస్తున్న మార్గరెట్ అనే పెద్దావిడ మా డబ్బా తెరిచింది. లోపల లెట్యూస్ ఆకు, ఉల్లిపాయ చక్రాలు, నిమ్మచెక్క, శుభ్రమైన ఎముక ఒకటి.

“మాంసం ఎక్కడ?”

“ప్రజలు తిన్నారు,” అన్నాను, తల దించకుండా.

వెనక నుంచి డేవ్, “నేను తిన్నాను! పదికి పది!” అని అరిచాడు. ముసలమ్మలు చప్పట్లు కొట్టారు.

“వాళ్ళకు ఓటు లేదు,” అంది మార్గరెట్. ఎముకను మళ్ళీ జాగ్రత్తగా ఆకు మీద పడుకోబెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం కెవిన్, మా మసాలా ఇంకా మూతికి అంటుకుని ఉండగా, మైకులో చదివాడు: “పదహారో స్థానం, రాచపూడి ఎస్టేట్.” నలభై ఏళ్ళలో మా ఎస్టేట్ పేరు నిండు సభలో వినిపించడం అదే మొదటిసారి.

సలీం పీపాకు అంటిన మసి తోముతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు:

“మీ ముప్పై రెండు ఊర్లు ఎట్ల పోయినయో అడుగుదామని ఎన్నిసార్లో అనుకున్న. ఇగ అడగ.”

అతని దుకాణం రెండేళ్ళు ఆలస్యమైంది. తెరిచిన రోజు మొదటి వరసలో డేవ్, చర్చి ముసలమ్మలు. అది నా ప్రచార ఫలితమేనని ఇప్పటికీ నేనంటాను, సలీం అననివ్వడు. గల్లా వెనక మా పదహారో స్థానం పత్రం ఫ్రేము కట్టి ఉంటుంది. నాకు మాత్రం వంటగది నుంచి అన్నిటికంటే దూరంగా ఉన్న కుర్చీ.

అందుచేత, గతించిన ముప్పై రెండు గ్రామాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పొగడ్తకు లొంగి ఇక జన్మలో మూత ఎత్తను, తువ్వాలు తొలగించను, ముక్క కోయను.

కనుక ఈ కథ బాగుందని మాత్రం దయచేసి నాతో అనకండి. ఈ ఆదివారం మా ఇంట్లో రెండు జబ్బలు పొయ్యి మీద ఉంటాయి.