చెరిపేసిన చివరి లైను

డిప్లొమా అయిన ఏడాదే నందిగామలోని ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో హిస్టోపాథాలజీ టెక్నీషియన్‌గా చేరాను. మూడేళ్ళు చేసి నిరుడు మానేశాను. ఇది రెండో ఏడాది ఆగస్టులో జరిగింది. మాటలు నా డైరీలోవి. కోపం మాత్రం ఇంకా పాతబడలేదు.

శరీరం నుంచి తీసిన ముక్క మా దగ్గరికి ఫార్మలిన్ సీసాలో వస్తుంది. దాన్ని మైనంలో బిగించి చిన్న దిమ్మ చేస్తాం. దాన్ని బ్లాక్ అంటాం. బ్లాకును ఉల్లిపొరకన్నా పలచగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, రంగులు వేయడం నా పని. చూసి రోగం పేరు చెప్పేది పాథాలజిస్టు మేడమ్. ఆవిడ మంగళవారాలు విజయవాడ నుంచి వచ్చేవారు.

మరియమ్మ గారు చిల్లకల్లు బడిలో ఆయా. మూత్రంలో రక్తం పడుతుంటే నాలుగు నెలలు ఇన్ఫెక్షన్ మందులే వాడించారు. చివరికి జగ్గయ్యపేట నర్సింగ్ హోమ్‌లో మూత్రాశయంలోని గడ్డ నుంచి ముక్కలు తీశారు. ఆ సీసా ఆవిడే తెచ్చుకున్నారు.

"బస్సులో ఒళ్ళో పెట్టుకు కూర్చున్నా పాపా. పక్కావిడ ఏం పచ్చడండీ అనడిగింది. ఇంకా ఊరలేదండీ అన్నా."

రిజిస్టర్‌లో పేరు రాసుకున్నాను.

మంగళవారం మేడమ్ ఆ స్లైడు చాలాసేపు చూసి, నన్నూ చూడమన్నారు. చిన్న చిన్న నీలి కణాలు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉన్నాయి. కొన్నిచోట్ల నలిగి గీతల్లా సాగాయి. స్మాల్ సెల్ క్యాన్సర్ కావచ్చన్నారు. ఊపిరితిత్తుల్లో తరచు కనిపించే రకం, మూత్రాశయంలో చాలా అరుదు. మామూలు రకం కండలోకి దిగితే మూత్రాశయం తీసేస్తారు. ఇది త్వరగా పాకుతుంది కాబట్టి ముందు స్కాన్, తర్వాత కీమో, ఆపరేషన్ ఆలోచన ఆ తర్వాతే. తేల్చడానికి ఐహెచ్‌సీ అనే ప్రత్యేక రంగు పరీక్షలు కావాలి. అవి మా దగ్గర లేవు. కండలోకి దిగిన క్యాన్సర్ అని రాయించి, చివరి లైనుగా, స్మాల్ సెల్ అనుమానం, ఐహెచ్‌సీ అయ్యాకే చికిత్స నిర్ణయించాలి అని టైపు చేయించి వెళ్ళారు.

ఆవిడ వెళ్ళాక మేనేజర్ ప్రసాద్ గారు వచ్చారు.

"ఆ చివరి లైను తీసెయ్ అమ్మాయ్. అది చూస్తే పేషెంట్ హైదరాబాద్ బస్సెక్కుద్ది. ఆపరేషన్ చేజారితే పేట సర్జన్ గారు మళ్ళీ మనకి కేసు పంపరు."

"మేడమ్ గారు రాయమన్నారండి."

"మేడమ్ వారానికోసారి వస్తారు. నీకు రోజూ నాతో పని."

తీసేశాను. కంప్యూటర్‌లో ఉండే మేడమ్ సంతకంతోనే ఆ రిపోర్టు బయటికి వెళ్ళింది.

ఆరు రోజుల తర్వాత మరియమ్మ గారు ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షకు వచ్చారు.

"ఎల్లుండి తీసేస్తారంట పాపా. ఇక పొట్ట మీద మూత్రం సంచి కట్టుకు తిరగాలంట. బళ్ళో పిల్లలు ఊరుకుంటారా, అందులో ఏముంది ఆయమ్మా అని లాగి చూస్తారు."

ఇలాంటప్పుడు 'డాక్టర్ గారు చెప్తారండి' అనాలని మాకు నేర్పారు. అనలేదు. రక్తం తీసి, పక్కగదిలోకి వెళ్ళి మేడమ్‌కు ఫోన్ చేశాను. లైను తీసింది నేనేనని కూడా చెప్పాను. ఐహెచ్‌సీ చేయించుకోవడానికి బ్లాకూ స్లైడ్లూ పేషెంటు చేతికివ్వు, సర్జన్‌తో నేను మాట్లాడతాను అన్నారు మేడమ్. అసలు రిపోర్టు మళ్ళీ టైపు చేసి, రిజిస్టర్‌లో మరియమ్మ గారి సంతకం తీసుకుని అన్నీ ఇచ్చాను.

సర్జన్ గారు ఆ గంటలోనే ఆపరేషన్ ఆపేశారు. ఇంత ముఖ్యమైన సంగతి తనకెందుకు చెప్పలేదని ల్యాబ్‌కు ఫోన్ చేసి మరీ కేకలేశారు. ఏ మనిషి నొచ్చుకుంటాడని ఆ లైను తీయించారో, ఆ మనిషికే అది కావలసి వచ్చింది.

ఐహెచ్‌సీలో స్మాల్ సెల్ అనే తేలింది. స్కాన్‌లో పొత్తికడుపులోని లింఫ్ గ్రంథుల్లోనూ కనిపించింది. విజయవాడలో కీమో, ఆపైన రేడియేషన్ ఇచ్చారు. మరియమ్మ గారు తలకు గుడ్డ కట్టుకుని, పొట్ట మీద ఏ సంచీ లేకుండా, తొమ్మిది నెలలు బడికి వెళ్ళారు. తర్వాత అది కాలేయంలో తేలింది. నిరుడు పోయారు.

"ఎలాగూ పోయింది కదా, అంత రచ్చ చేసి ఏం సాధించావ్?" అన్నారు ప్రసాద్ గారు. ఆ తొమ్మిది నెలలు ఆయనకు కనిపించలేదు. నెలాఖరుకి మానేశాను.

ఆయన్ని తిడుతూ డైరీలో చాలా పేజీలు నింపాను. వాటిలో పనికొచ్చేది కొంచెమే. పాథాలజిస్టు రాసినదాంట్లో అక్షరం మార్చే హక్కు ల్యాబ్‌లో ఎవరికీ లేదు. మార్చమన్నవారి తప్పు ఎంతో, మార్చిన చేతి తప్పూ అంతే. పేషెంటు అడిగితే బ్లాకు ఇచ్చి తీరాలి. ఇవన్నీ డిప్లొమాలోనే నేర్పారు. ఆ లైను నేను తెలియక తీయలేదు, భయపడి తీశాను.