మా గేటు ముందు కాపలా

పోయిన నెలలో ఆత్మకూరులో మా మనవరాలిని వీధిలోని కుక్కపిల్ల గీరితే ఆసుపత్రికి తీసుకుపోయాను. నర్సమ్మ జబ్బకు చిన్న సూది వేసి, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పి, వెనక నిలబడినవాళ్ళను రమ్మంది. పిల్ల ఏడవనైనా లేదు. బొడ్డు చుట్టూ పొడిచే ఆ పెద్ద సూదుల సంగతి తెలిసిన నా ఈడువాళ్ళకు ఇది వింతగానే ఉంటుంది. నాకైతే ఆ బెంచీ మీద కూర్చుని ఉండగానే ఉదయగిరిలోని మా అత్తగారిల్లు, ఆ ఇంటి గేటు ముందు మేమంతా ఒకరినొకరం నమ్మక గడిపిన రోజులు గుర్తుకొచ్చాయి.

చేజర్ల నుంచి కొత్తకోడలిగా నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి అక్కడ మనుషుల కన్నా మూగజీవాలే ఎక్కువ. లారీ గుద్ది కాలు విరిగిన మేకను దుత్తలూరు రోడ్డు మీద నుంచి ఎత్తుకొచ్చింది మా అత్త, కరెంటు తీగ పట్టుకుని చెయ్యి కాల్చుకున్న కోతి కొండ దిగి వచ్చి మా దొడ్లోనే ఉండిపోయింది, ఇటుకలు మోయలేదని ఎవరో వదిలేసిన గాడిద ఒకటి, ఇవిగాక కుక్కలు. అందులో ఒక కుంటిది అనుమసముద్రంపేట దర్గా నుంచి ఎవరి వెంటో బస్సెక్కి వచ్చిందని చెప్పేవాళ్ళు, నిజమో కాదో. పొద్దున్నే అత్త రాగిసంగటిని మజ్జిగలో పిసికి సత్తు పళ్ళేలలో పెట్టేది. నేను పెంట ఎత్తి, కోతి నా జడ పట్టుకుని లాగుతుండగానే దాని చేతికి మందు రాసి, గాడిదకు గడ్డి వేసి తలెత్తేసరికి ఎండెక్కేది. మామ పోయినప్పటి నుంచి అత్త మాంసం ముట్టదు, ఇంట్లోకి రానివ్వదు. మాట కరుకు. ఎవరైనా దెబ్బ తగిలిన జీవాన్ని తెచ్చి అప్పగిస్తే, వీడే దీన్ని కొట్టి తెచ్చాడేమోనని ముందు వాళ్ళ ముఖం పరీక్షగా చూసేది.

ఒక సందెవేళ మా పెరటి సందులో నీళ్ళ బిందెతో వస్తున్న పక్కింటి వదినను కుక్క కరిచింది. పిక్క నుంచి రక్తం కారుతోంది. ఏ కుక్కో ఆమె సరిగా చూడలేదు, నల్లగా ఉందని మాత్రం అంది. మా ఇంట్లో నల్లకుక్క ఉంది. అంతే, వదిన భర్త, బజారులో బట్టలు కుట్టే మనిషి, నేను అన్నా అని పిలిచే ఆయన, నలుగురిని వెంటబెట్టుకుని కర్రలతో గేటు దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడే సంపితే ఏం తెలస్తాదిరా? పిచ్చిదయితే పది దినాల్లో అదే బయటపడతాది. అన్నిటినీ కట్టేస్తా. నువ్వు ముందు ఆ పిల్లకు సూదులేపియ్యి పో" అంది అత్త.

"రాత్రికి రాత్రి నల్లదాన్ని తప్పించెయ్యవని ఏంది నమ్మకం, పెద్దమ్మా?"

"అయితే వచ్చి కూర్చో. నీ కండ్లతోనే చూస్కో."

ఆయన నిజంగానే వచ్చి కూర్చున్నాడు. వదినను వాళ్ళ అమ్మ రోజూ బస్సులో ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోయేది. ఆయన కొట్టు మూసేసి, జాకెట్లూ హుక్కుల పొట్లమూ ఒడిలో పెట్టుకుని, మా గేటు ముందు స్టూలు మీద కూర్చుని కుట్టుకుంటూ కుక్కలను చూస్తూ ఉండేవాడు. ఆయన కుక్కలను చూస్తుంటే అత్త ఆయనను చూసేది. విషం కలిపిన ముద్ద విసురుతాడని ఆమె భయం. ఆయన అన్నం క్యారియరు తెరిస్తే చాలు, చేతిలో పని వదిలేసి అరుగు మీదికొచ్చి నిలబడేది. నా సంగతి ఏమని చెప్పను? పొద్దున ఒక్కొక్క దాని ముందు నీళ్ళ పళ్ళెం పెట్టి, తాగుతుందా లేదా అని నిలబడి చూసేదాన్ని. నిన్నటిదాకా ఒళ్ళోకెక్కిన కుక్క ఆవులిస్తే కూడా రెండడుగులు వెనక్కి వేసేదాన్ని. ప్రేమగా సాకిన జీవాన్ని అలా దూరం నుంచి చూడవలసి రావడం ఎంత నరకమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

అందరి కళ్ళూ నల్లదాని మీదే ఉండగా, ఒక పొద్దున మొట్టమొదట అరిచింది ఆయనే.

"పెద్దమ్మా, ఆ తెల్లది నీళ్ళు ముట్టలా. నోరు చూడు, మూయనే మూయలా!"

తెల్లది ముసలిది, అత్త మంచం కింద పడుకునేది. దాని దవడ వేలాడుతోంది, చొంగ తీగలా కారుతోంది. క్షణాల్లో వీధి వీధంతా మళ్ళీ కర్రలతో చేరింది. అత్త దాని వైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది. ఆమె తన కుక్కను చూసి జంకడం నేను చూసింది అప్పుడొక్కసారే. మరుక్షణం గేటు వైపు తిరిగింది.

"ఏం పెట్టినావురా దీనికి?"

"ఇసం పెట్టలా పెద్దమ్మా, నా బిడ్డల మీద ఒట్టు" అన్నాడాయన. ముఖం పాలిపోయింది. ఆ పాలిపోవడం చూసి నేను కూడా ఆయనే ఏదో చేశాడనుకున్నాను.

పశువుల డాక్టరును పిలుచుకొచ్చారు. డాక్టరు దూరం నుంచే చాలాసేపు చూశాడు. పిచ్చి కాదని చెప్పలేను, కానీ అది కాలితో మూతిని ఊరికే గీరుకుంటోంది, లోపల ఏదో ఇరుక్కుందేమో చూడాలి అన్నాడు. మందపాటి తోలు తొడుగులు వేసుకుని, మెడకు తాడు బిగించి పట్టించి, దవడల మధ్య కర్రముక్క అడ్డం పెట్టి, పట్టకారుతో లోపలి నుంచి ఒక ఎముక లాగాడు. అంగిలికి అడ్డంగా రెండు పళ్ళ మధ్య బిగుసుకుపోయిన మాంసం ఎముక. తెల్లది పళ్ళెంలో నీళ్ళన్నీ తాగేసి ఇంకా కావాలన్నట్టు పళ్ళేన్ని నాకింది.

ఎముక అనేదే రాని ఇంట్లో ఎముక ఎక్కడిది? అందరూ అన్న వైపే చూశారు. ఆయన తల వంచుకుని హుక్కుల పొట్లం మడతలు పెడుతూ, "నిన్న ఇంట్లో కూర మిగిలిండాది... పొద్దస్తమానం సంగటే గదా తింటా ఉండాయి, పాపం అని... నువ్వు గాడిద కాడికి పోయినప్పుడు ఏసినాను" అన్నాడు.

అత్త కాలితో ఆ ఎముకను గేటు అవతలికి నెట్టింది.

"సంపేదానికి వచ్చినావనుకుంటి గదరా. సాకేదానికి వచ్చినావా? ఇంకెప్పుడూ ఎముకలెయ్యబాక, మెత్తటి ముక్కలు తే."

పది రోజులూ గడిచాయి. ఏ కుక్కకూ ఏమీ కాలేదు. వదిన సూదులూ అయిపోయాయి, ఆమె కుంటుతూనే మా పెరట్లోకి వచ్చి నల్లదాన్ని తేరిపార చూసి, ఇదో కాదో నాకిప్పటికీ తెలీదమ్మా అంది. కరిచింది ఏదో చివరికి తేలనేలేదు. ఆయన కొట్టు తెరిచాడు. అయినా సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు మా గేటు దగ్గర ఆగేవాడు. తెచ్చిన పొట్లం విప్పి ముందు అత్త ముక్కు దగ్గర పెట్టేవాడు, ఆమె వాసన చూసి, వేలితో కెలికి చూసి, సరేనంటేనే కుక్కలకు వేసేవాడు. ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ అలా పరీక్షించడం మానలేదు, ఆయన నొచ్చుకోనూ లేదు. అత్త పోయాక ఆ జీవాలూ ఒక్కొక్కటే కాలం చేశాయి. మేము ఆత్మకూరు వచ్చేశాము.

ఇప్పుడు మా వీధిలో ప్రతి గేటుకూ ఒక కెమెరా ఉంది. నేను అన్నం పెట్టే వీధికుక్కలు ఒక పొద్దున ఉంటాయి, ఒక పొద్దున కనబడవు. ఎవరు పట్టించారో, ఎక్కడికి పంపారో ఎవరూ చెప్పరు; ఎదురుపడితే అందరూ నవ్వుతారు. మనుషులు అనుమానించుకోవడం కొత్తేమీ కాదు. కాకపోతే ఆ రోజుల్లో అనుమానానికి ఒక ముఖం ఉండేది. అది మన ఎదుటికే వచ్చి కూర్చునేది, ఎండెక్కితే మంచినీళ్ళు అడిగేది, ఇస్తే తాగేది.