నేను సాఫ్ చేసిన మగ్గం

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా తెలివితేటల కథ కాదు. వనపర్తిలో ఆడవాళ్ల బట్టలు కుట్టే షమీమ్ అనే మనిషి, ముక్కూమొహం తెలియని ఇంట్లోకి పోయి, ఎవరూ అడగని పని చేసి, ఆ ఇంటివాళ్లను నిలువునా ముంచిన కథ. ఆ షమీమ్‌ను నేనే. నాలుగేళ్ల కిందటి మాట కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. ఆ రోజు మాత్రం నా మొహంలో నెత్తురు చుక్క లేదు.

అంతా ఫోను వల్లే వచ్చింది. ఒక మధ్యాహ్నం జాకెట్టుకు చేతులు అతుకుతూ వీడియో చూస్తున్నాను. మెక్సికో అట, అక్కడ ఏదో పాత ఊరు. కొండవాలు మీద ఇళ్లు, ఒకటి పసుపు, పక్కది గులాబీ, దాని పక్కది నీలం. ఒకావిడ ఆ సందుల్లో ఊరికే తిరుగుతోంది. తలుపు తెరిచి ఉంటే తొంగి చూస్తోంది. ఎవరో లోపలికి పిలిచి రొట్టె కూడా పెట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తొంగి చూడటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. దానికి రొట్టె కూడా పెట్టే ఊరు ఒకటుందని అప్పుడే తెలిసింది.

సాయంత్రం మా ఆయన ఖాదర్‌ను అడిగాను. ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకుంటాం, మీ కోసం తెలుగులో చెప్తున్నాను.

"మెక్సికో పోదామా?"

"పెబ్బేరు సంతకు రమ్మంటే ఎండ అంటవ్. మెక్సికో పోతవా?"

"అక్కడ ఒక్కో ఇంటికి ఒక్కో రంగు!"

"రంగులే కావాలంటే గద్వాల పో. కోట వెనక సందులు ఎప్పుడన్న చూసినవా? పొద్దుగాల బస్సెక్కితే అన్నం యాళ్లకు ఇంటికొస్తవ్."

ఆయన వెటకారానికే అన్నాడు. నేను మాత్రం నిజంగానే తీసుకున్నాను. శుక్రవారం దుకాణం బంద్ పెట్టి, సంచి భుజాన వేసుకుని ఏడింటి బస్సెక్కాను.

ఆ సంచి గురించి ఒక మాట చెప్పాలి. దాంట్లో ఎప్పుడూ టేపు, సున్నపు బిళ్ల, దారం కొసలు తుంచే చిన్న కత్తెర ఉంటాయి. ఆడవాళ్ల సంచిలో అద్దం ఉన్నట్టు నా సంచిలో కత్తెర. ఎవరి బట్ట మీదైనా దారం వేలాడితే నాకు అన్నం సహించదు. ఒకసారి బస్సులో ముందు సీటావిడ జాకెట్టు దారం ఆమెకు తెలియకుండానే తుంచేశాను. అది పుణ్యం అనుకునేదాన్ని.

గద్వాలలో దిగి కోట వైపు నడిచాను. ఆ వీడియో ఆవిడకు ఈ సందులు తెలియవు గానీ, తెలిస్తే మెక్సికో వదిలి వచ్చేదే. కోట గోడ దాటి లోపలికి పోతే ఇళ్లకు నీలం సున్నం, పచ్చ తలుపులు, మధ్యలో ఎవరో ధైర్యవంతులు వేసిన చిలకపచ్చ మేడ. ఒక ఇంటి ముందు వెదురు బొంగుల మీద అద్దకం వేసిన నూలు చిలపలు, అంటే దారపు కట్టలు, ఆరేశారు. ఎర్రవి, పసుపువి, నల్లటి వంకాయ రంగువి. వాటి నుంచి కారిన నీళ్లతో పక్క మోరీ కూడా గులాబీ రంగులో పారుతోంది. మోరీని చూసి ముచ్చటపడటం నా జీవితంలో అదే మొదటిసారి. ప్రతి ఇంట్లోంచి టకటకమని మగ్గం చప్పుడు. నేను ప్రతి గడప దగ్గరా ఆగాను.

ఒక నీలం ఇంట్లోంచి మాత్రం చప్పుడు లేదు. సహజంగానే అక్కడే ఎక్కువసేపు నిలబడ్డాను. లోపల్నుంచి యాభై దాటిన ఒకామె చీపురుతో బయటికి వచ్చింది. పేరు పద్మమ్మ అని తరవాత తెలిసింది.

"ఎవలింటికి పోవాలె బిడ్డా?"

"ఎవలింటికి గాదమ్మా. ఊకె రంగులు చూస్తున్న."

"రంగులు చూస్తందుకొచ్చినవా?" ఆమె పకపకా నవ్వింది. "యాడికెల్లి?"

"వనపర్తి నుంచి. నేను టైలర్‌ను."

"అట్లనా! నువ్వు కుడతవు, మేం నేస్తం. ఇద్దరం దారం పట్టుకొని బతికేటోళ్లమే. రా, లోపలికి రా."

వీడియోలో జరిగినట్టే జరుగుతోందని నా గుండె ఉప్పొంగింది. లోపల గదిలో నేలలో గుంట తవ్వి పెట్టిన మగ్గం ఉంది. కిటికీలోంచి వెలుతురు సరిగ్గా దాని మీదే పడుతోంది.

"మా ఆయిన కొత్త పడుగు తెస్తందుకు పోయిండు," అంది పద్మమ్మ. "చీరె పొడుగున పోయే పోగులన్ని చుట్టి తెస్తడు. పోయిన పడుగు నిన్ననే కోసినం. నువ్వు కూసో, చాయ్ పెడత. పాలు లెవ్వు, జర తెస్త."

జర అంటే అరగంట అని ఆ సందులో అందరికీ తెలుసనుకుంటాను. నాకు తెలియదు. కాసేపు కూర్చున్నాను. తరవాత ఫోటో తీద్దామని లేచాను. ఫోనులో చూస్తే మగ్గం అందంగానే ఉంది గానీ, మధ్యలో ఒకటే చిరాకు. చీర కోసేసిన చోట పాత పోగుల కొసలు, మూరెడు పొడుగున, కుచ్చులు కుచ్చులుగా ముడేసి వేలాడుతున్నాయి. ఒకటా రెండా, వేల పోగులు! ఇంత మంచి మగ్గం పెట్టుకుని ఈ చెత్త తీసుకోవడానికి తీరిక లేదు పాపం అని నా మనసు కరిగింది.

మీకు ఇప్పటికే అర్థమైంది కదా. నాకు కాలేదు.

కత్తెర తీశాను. ముళ్లన్నీ టకటకా తుంచేశాను. వెనక్కి పోయి కుచ్చు పట్టి లాగితే పోగులు సరసరా జారి వచ్చేశాయి. ఆహా, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒక్క కొస మిగలకుండా లాగేసి, ఉండ చుట్టి, మూలన పెట్టి, పద్మమ్మ చీపురుతోనే కింద ఊడ్చాను కూడా. తరవాత మంచి ఫోటో తీశాను. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది, ఎవరికీ చూపించను.

పద్మమ్మ రెండు గ్లాసులతో వచ్చింది.

"అమ్మా, చూడుండ్రి," అన్నాను గర్వంగా. "మగ్గం ఎట్ల సాఫ్ చేసిన!"

ఆమె మగ్గం వంక చూసింది. మూలనున్న ఉండ వంక చూసింది. గ్లాసులు కిందపెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎవలు చెప్పిండ్రు బిడ్డా నీకు గీ పని?"

అప్పుడే ఆమె భర్త నర్సింలు భుజాన పడుగుతో గుమ్మంలోకి వచ్చాడు. "ఏందే, అచ్చు ఖాళీగున్నది?"

"సాఫ్ చేసింది," అంది పద్మమ్మ నన్ను చూపిస్తూ.

నర్సింలు నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవలు ఈమె?"

"రంగులు చూస్తందుకొచ్చింది."

అప్పుడు చెప్పారు నాకు. ఆ కొసలు చెత్త కాదు. ఒక్కో పోగు సూది బెజ్జం లాంటి ఒక్కో దారపు కంట్లోంచి, దువ్వెన లాంటి అచ్చు పళ్ల సందులోంచి వరస తప్పకుండా దూరి ఉంటుంది. కొత్త పడుగు పోగుల్ని ఆ పాత కొసలకు ఒక్కొక్కటిగా మెలేసి అతికి లాగితే చాలు, అన్నీ వాటి దారిలో అవే పోతాయి. దాన్నే అచ్చు అతకడం అంటారు, ఒక్క రోజు పని. పాత కొసలు లేకపోతే ఇక ఒక్కో పోగూ సూదిలో దారం ఎక్కించినట్టు మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవాలి.

"ఎన్ని దినాలు పడతది?" అన్నాను.

"ఇద్దరు కూసుంటె నాలుగు దినాలు," అన్నాడు నర్సింలు. "నేస్తందుకు ఇంకో ఎనిమిది దినాలు. ఇయ్యాల్టికి పద్నాలుగో దినం లగ్గం."

"ఎవలది?"

చెప్పేటప్పుడు పద్మమ్మ నా వైపు చూడలేదు. "మా అన్న కొడుకుది, శ్రీరంగాపూర్ల. ముప్పై ఏండ్లసంది నేస్తున్న బిడ్డా. నేసిందల్ల సేటు దుకాణానికే పాయె. గీ పడుగు మాది. ఇందుల మొదటి చీరె నేను కట్టుకుంట, నేను నేసింది నేనే కట్టుకొని లగ్గానికి పోత అనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. అక్కడే కూర్చుని చున్నీ మొహాన కప్పుకుని గట్టిగా ఏడ్చేశాను. పద్మమ్మ గ్లాసు నా ముందుకు జరిపి, "ఏడ్వకు, చాయ్ సల్లారుతుంది," అంది. ఆ మాటకు ఇంకా ఎక్కువ ఏడ్చాను.

ఖాదర్‌కు ఫోన్ చేశాను. "నాలుగు రోజులు దుకాణం తెరవను. రోజూ గద్వాలకు వచ్చి పోవాలె."

ఎందుకు అని అడగలేదు, ఏమైంది అని అడగలేదు. నన్ను బాగా ఎరిగిన మనిషి.

"ఏం కత్తిరించినవ్?" అన్నాడు.

అలా నాలుగు రోజులు ఏడింటి బస్సు నా బతుకైంది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు బస్సులో అందరూ ఆంజనేయుడికి దండం పెట్టుకునేవాళ్లు. నేనూ కళ్లు మూసుకుని, యా అల్లా, పోగు తెగకుండా చూడు అనుకునేదాన్ని. ఎవరు విన్నా నాకు అభ్యంతరం లేదు.

నేను మగ్గం వెనక కూర్చుని పోగు అందించాలి. నర్సింలు ముందు కూర్చుని సన్నటి కొక్కెంతో దాన్ని కంట్లోంచి, అచ్చులోంచి లాగాలి. అదే పని. అందించు, లాగు. అందించు, లాగు. మొదటి రోజు ఆయన నాతో మూడే మాటలు మాట్లాడాడు. అవి "ఇది గాదు", "పక్కది", "ఊఁ". మధ్యాహ్నం పద్మమ్మ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. నేను ముంచిన ఇంట్లో నాకే రొట్టె పెడుతున్నారు. సిగ్గుపడుతూనే మూడు తిన్నాను.

రెండో రోజుకు నర్సింలు కాస్త మెత్తబడ్డాడు. మూడో రోజు నాలో పాత జబ్బు లేచింది. కిటికీలోంచి చూస్తే ఎదురింటి మీద ఎవరో కొత్త చిలపలు ఆరేస్తున్నారు. అంత ముదురు పసుపు నేనెప్పుడూ చూడలేదు.

"నర్సింలన్నా, ఆ రంగేంది?"

ఆయన కూడా తల తిప్పాడు. "గదా? అది..." అంటూ ఆ రంగు పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెట్టాడు. ఆయన నోరు దాని పని అది చేసింది, మా చేతులు వాటి పని అవి చేశాయి. నాలుగో రోజు సాయంత్రానికి పోగులన్నీ ఎక్కాయి. పద్మమ్మ మగ్గంలో కూర్చుని మొదటి దెబ్బ కొట్టింది. ఆ టక్ చప్పుడుకు నేను చప్పట్లు కొట్టాను.

రెండు రోజుల తరవాత పద్మమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, చీరెల గీత వడ్డది."

పరుగున పోయాను. నెమలికంఠం రంగు చీర, ఎర్ర అంచు. అంచుకు జానెడు దూరంలో, వెలుతురు దూరే సన్నటి గీత ఒకటి నేసినంత పొడుగునా సాగిపోతోంది. ఒక కంట్లో రెండు పోగులు దూరి, పక్క సందు ఖాళీగా ఉండిపోయిందట. ఎప్పుడు జరిగిందో మా ఇద్దరికీ తెలుసు. నర్సింలు కిటికీ వంక చూశాడు, నేను నేల వంక చూశాను.

"తీసి మల్ల ఎక్కించొచ్చు," అన్నాడాయన. "లగ్గం మాత్రం అందదు."

నేను పద్మమ్మ కాళ్లు పట్టుకోబోయాను. ఆమె నా చేయి తోసేసి గీత మీద వేలు పెట్టి మెల్లగా రాసింది.

"ఉండనీ బిడ్డా. ఇది సేటు చీరె గాదు, పట్టుకొని తప్పులెంచనీకి. నాది. గీతతోనే కట్టుకుంట."

ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కోపం ఉంది, దిగులు ఉంది. వాటికి మించి ఒక మొండితనం ఉంది. నేను చేయగలిగింది ఒకటే. ఆ చీరకు జాకెట్టు కుట్టాను. నా జన్మలో అంత భయపడుతూ కుట్టిన జాకెట్టు ఇంకొకటి లేదు.

లగ్గానికి నన్నూ పిలిచారు. పద్మమ్మ ఆ చీర కట్టుకుని వచ్చింది. ఎంత బాగుందంటే, పెళ్లికూతురు వైపు వాళ్లు కూడా తల తిప్పి చూశారు. అయిదు నిమిషాల్లో ఆడవాళ్లు చుట్టుముట్టారు. ఒకావిడ వంగి గీతను పట్టి చూసింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"గిదేంది వదినె, గీ గీత?"

పద్మమ్మ తల ఎత్తింది. కళ్లు కూడా ఆర్పలేదు. "కొత్త మోడల్. వనపర్తి గీత అంటరు."

"అబ్బ, మస్తుగున్నది! మాకూ ఒకటి నేసియ్యి."

నేను అన్నం బంతిలో చివరికి పోయి కూర్చుని, ఎవరికీ కనపడకుండా కడుపునిండా తిన్నాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. పది రోజుల తరవాత ఫోన్ మోగింది. నర్సింలు. ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదలు.

"బిడ్డా, మంచిగున్నవా?"

"ఏమైందన్నా? మల్ల గీత వడ్డదా?" నా చేతిలో బట్ట జారిపోయింది.

"వడ్తలేదు. లగ్గం కాంగనే సరిజేసిన. గిప్పుడు అదే పరేషాన్. నలుగురు వచ్చి గీత చీరె గావాలన్నరు. పొద్దున్నుంచి కూసున్న. రెండు పోగులు ఒక్క కంట్లకు ఎక్కియ్యాలె, అంతే. నా చెయ్యి పోతలేదు. నలభై ఏండ్లు తప్పు చెయ్యని చెయ్యి బిడ్డా, తప్పు చెయ్యమంటె వణుకుతుంది."

"మరి నేనేం చెయ్యాలె?"

"జర రేపు ఏడింటి బస్సుకు రా. నీకైతె అలవాటున్న పని."

పక్కన ఖాదర్ నవ్వి నవ్వి కుర్చీలోంచి కింద పడ్డాడు. నేను మాత్రం నవ్వలేదు. ఆ క్షణమే నా కుట్టుమిషన్ మీద కుడిచేయి పెట్టి, మా ఇంటి గోడలు సాక్షిగా ఒట్టు వేశాను. ఇకమీదట ఈ షమీమ్, ప్రాణం పోయినా సరే, ఆర్డరు లేకుండా ఒక్క తప్పు కూడా చేయదు.