పది దాటాకే పొగ

మా వీధిలో ఆవిడని అందరూ దుప్పట్ల అక్క అంటారు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ ఆవిడది, ఇల్లూ అందులోనే. ఆ గోడకి ఇవతల నా రొట్టెల బట్టీ. పాతికేళ్ళుగా పక్కపక్కనే ఉన్నాం కాబట్టి ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది. అన్నీ పొగడ్తలే అనుకోకండి, ఆవిడ నోటికి నేను చాలాసార్లు బలయ్యాను.

ఆవిడకి తెలుపు పిచ్చి. ఆరిన దుప్పటిని వెలుతురుకి పట్టి చూసి, మసి నలుసు ఒక్కటి కనిపించినా మళ్ళీ నీళ్ళలో వేస్తుంది. వేసవిలో ఆ గొడవ ఉండదు, కొండల సందులోంచి గాలి వచ్చి ఊళ్ళో పొగనంతా తోసుకుపోతుంది. వానాకాలం మిగిలింది కడిగేస్తుంది. తిప్పలన్నీ చలికాలంలోనే. మా ఊరు చుట్టూ కొండలు, మధ్యలో గుంట. రాత్రి చల్లబడిన గాలి కొండల మీంచి జారి గుంటలో చేరుతుంది. దాని పైన వెచ్చటి గాలి గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. తెల్లవారుజామున వదిలిన పొగ ఆ మూత దాటలేక మళ్ళీ మన ముక్కుల్లోకే వస్తుంది. ఇదంతా నాకు ఆవిడ చెప్పిందే. ఆవిడకి మాత్రం ఎవరూ చెప్పలేదు, తనే చూసి తెలుసుకుంది.

ఈ చలికాలం మొదట్లో ఆవిడ తొమ్మిదేళ్ళ కూతురికి ఆయాసం ముదిరింది. పొద్దున లేస్తే చాలు, గొంతులో పిల్లికూతలు. చలి తగ్గేదాకా పిల్లని కొండ మీద ఉంచమన్నాడు డాక్టరు. అక్కడ పెద్దమ్మ ఇల్లుంది. కానీ ఆ పిల్ల తల్లిని వదిలి ఒక్క పూట ఉండదు. తల్లి సంగతీ అంతే. ఆవిడ డాక్టర్ని బతిమాలి నెల గడువు తెచ్చుకుంది, ఈలోగా ఆ మసి ఎక్కడిదో పట్టుకుంటానంది.

ఒక పాత దుప్పటి చింపి ముక్కలు చేసింది. తడిపి పెరట్లో ఒకటి, మేడ మీద ఒకటి, కొండ మెట్ల పొడవునా ఇరవై మెట్లకొకటి కట్టింది. గంటగంటకీ కొత్త ముక్కలు. కొండకి బొంత కుడుతున్నావా అని వేళాకోళం చేసింది నేనే. ఆవిడ చెవిన వేసుకోలేదు. వారం తిరిగేసరికి సంగతి తేలింది. నూట నలభయ్యో మెట్టు పైన కట్టినవి తెల్లగానే ఉన్నాయి. కింద, పొద్దున అయిదు నుంచి తొమ్మిది దాకా కట్టినవి నల్లబడ్డాయి. ఎండెక్కి మూత లేచాక, పదిన్నరకి కట్టినవి మళ్ళీ శుభ్రం. అన్నిటికంటే నల్లనిది వాళ్ళ పెరట్లోదే.

లాండ్రీలో బాయిలర్ వెలిగించేది వాళ్ళ నాన్న. ముప్పయ్యేళ్ళుగా అయిదు కొట్టకముందే వెలిగిస్తున్నానని ఆయనకి గొప్ప. మనవరాలంటే ప్రాణం. ఆ పిల్ల దగ్గినప్పుడల్లా లారీల వాళ్ళ మీద దుమ్మెత్తిపోసేవాడు. ఆయనకెలా చెప్పాలో తెలియక ఆవిడ రెండు రోజులు నలిగిపోయింది. మూడో రోజు నా ఎదుటే ఆ గుడ్డముక్క ఆయన చేతిలో పెట్టింది.

"నాన్నా, ఈ మసి లారీలది కాదు. మనదే."

ఆయన ఆ ముక్కని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"ఇంక పది దాటాకే వెలిగిస్తానమ్మా," అన్నాడు. ఆయన ముఖం చూడలేక, పనుందని చెప్పి లేచొచ్చేశాను.

మర్నాడు ఆయన నా దగ్గరికొచ్చి, బట్టీ నువ్వు కూడా కాస్త ఆలస్యంగా వెలిగించరాదా అని అడిగాడు. పొద్దున పూట వేడి రొట్టె లేకపోతే నా కొట్టుకెవరొస్తారు బాబాయ్, నా ఒక్కడి పొగ ఆగితే ఊరు బాగుపడుతుందా అన్నాను. ఆయన సరేనని వెళ్ళిపోయాడు. నాలుగు మాటలని ఉంటే నాకే బాగుండేది.

దుప్పట్లు కాస్త తెల్లబడ్డాయి గానీ పిల్ల ఆయాసం తగ్గలేదు. గడువు తీరింది. సంచి సర్దుకుని ఆ పిల్ల కొండెక్కింది. పిల్లని అక్కడ దించి వచ్చిన అక్క, తెల్లగా ఉన్న దుప్పట్లనే మళ్ళీ మళ్ళీ ఉతికింది.

వారం తర్వాత ఒక పొద్దున, బట్టీ మా తమ్ముడికి అప్పగించి, పిల్లకిష్టమైన తీపి రొట్టె పట్టుకుని అక్కతో పాటు నేనూ మెట్లెక్కాను. పైన మంచి ఎండ. కింద ఊరు లేదు, బూడిదరంగు పొగ పరుచుకుని ఉంది. పిల్ల పరుగెత్తుకొచ్చింది, రొప్పు లేదు. నన్ను పిట్టగోడ దగ్గరికి లాక్కెళ్ళి వేలు పెట్టి చూపించింది. ఆ బూడిదరంగులోంచి ఒక నల్లటి చార కాస్త పైకి లేచి అడ్డంగా విరిగిపోతోంది.

"అది మీదే మామయ్యా. తాతయ్యది ఇప్పుడు లేదుగా. రోజూ దాన్ని చూసే మా ఇల్లు ఎక్కడుందో పోల్చుకుంటాను."

సిగ్గుతో నా తల వాలిపోయింది. నన్ను తిట్టే అవకాశం అక్క వదులుకోవడం అదే మొదటిసారి.

ఇప్పుడు నా బట్టీ పదకొండుకి వెలుగుతోంది. పొద్దున నిన్నటి రొట్టె అమ్ముతున్నానని కొనేవాళ్ళు సణుగుతున్నారు. వేళ మార్చిన మొదటి రోజు, ఇల్లు ఎక్కడో కనిపించడం లేదని ఆ పిల్ల ఏడ్చిందట. ఆ మాట చెబుతూ అక్క నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వీధిలో ఇంకా అయిదు పొగగొట్టాలున్నాయి, పద, వాళ్ళనీ అడిగొద్దాం అంది.